నలుగురి బల్ల మీద వంద కార్డులు

రమ్మీ ఆడేటప్పుడు పేక అందరికీ ఒకటే. కలిపి, కోసి, పంచాక చేతికొచ్చిన 13 ముక్కలతో ఎవరి తెలివి వాళ్ళు చూపించాలి. నేను ఇవాళ చెప్పబోయే ఆటలో పేకను ఎవరికి వాళ్ళే ఇంటి దగ్గర కట్టుకుని తెస్తారు. 25,000కు పైగా ఉన్న వేర్వేరు కార్డుల్లో ఏవి ఏరుకోవాలో, ఏవి వదిలేయాలో ముందే తేల్చుకుని వచ్చి కూర్చుంటారు. ఆ ఏరుకోవడంలోనే సగం ఆట ఉంది. ఆట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లల్లో కొందరికి శుక్రవారం సాయంత్రం అంటే కార్డుల దుకాణంలో ఈ ఆటే. ఇక్కడ మన నగరాల్లోనూ ఆడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో పాటు, ఈ ఆట పేరు ఎన్నడూ వినని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని నా ప్రయత్నం.

దీన్ని రూపొందించింది రిచర్డ్ గార్ఫీల్డ్. కాంబినటోరిక్స్‌లో, అంటే ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కగట్టే గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. వాషింగ్టన్ రాష్ట్రంలోని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ 1993లో ఆటను బయటికి తెచ్చింది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మాంత్రికుడు. ల్యాండ్ కార్డులు మానా అనే శక్తినిస్తాయి. ఆ శక్తిని ఖర్చుపెట్టి క్రీచర్లను పిలుస్తారు, స్పెల్స్ వేస్తారు. టర్నుకు ఒక్క ల్యాండే వేయాలి కాబట్టి శక్తి మెల్లగా పెరుగుతుంది. మానాకు అయిదు రంగులు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఎరుపు దూకుడు, నీలం అడ్డుకట్ట, ఆకుపచ్చ ఎదుగుదల. ఏ రంగులు కలుపుతామో దాన్ని బట్టి డెక్ స్వభావం, అంటే మనం కట్టుకున్న పేక స్వభావం, మారుతుంది.

మొదట్లో ఇది ఇద్దరి ఆటగానే పేరు తెచ్చుకుంది. 60 కార్డుల డెక్, ఒక్కొక్కరికి 20 లైఫ్ (అది అయిపోతే ఓడినట్టే), ఒకే కార్డు నాలుగు కాపీల దాకా పెట్టుకోవచ్చు. పెద్ద పోటీలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే జరిగేవి. కానీ ఇవాళ స్నేహితుల మధ్య ఎక్కువగా ఆడేది నలుగురు కూర్చునే కమాండర్ పద్ధతి. అది పుట్టింది కంపెనీ ఆఫీసులో కాదు, అలాస్కాలో, కొందరు ఆటగాళ్ళ మధ్య. 1994లో వచ్చిన లెజెండ్స్ సెట్‌లో అయిదు పెద్ద డ్రాగన్లు ఉండేవి. వాటిలో ఒకదాన్ని నాయకుడిగా పెట్టుకుని, ప్రతి కార్డు ఒక్క కాపీ మాత్రమే వాడి ఆడేవాళ్ళు. ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అని దానికి పేరు. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన షెల్డన్ మెనెరీ అక్కడ దాన్ని నేర్చుకుని, పోటీలకు జడ్జీలుగా వచ్చేవాళ్ళ మధ్య వ్యాప్తి చేశాడు. 2011లో కంపెనీ దానికి కమాండర్ అని పేరు పెట్టి, సిద్ధంగా కట్టిన డెక్కులు అమ్మడం మొదలుపెట్టింది. మెనెరీ 2023లో కన్నుమూశాడు. పోటీల నుంచి విరామం తీసుకుని నలుగురు కలిసి సరదాగా గడపడానికి ఆయన నిలబెట్టిన ఆట, ఇవాళ మ్యాజిక్‌లో అన్నిటికన్నా ఎక్కువ మందిని కూర్చోబెడుతోంది.

నియమాలు క్లుప్తంగా చెబుతాను. డెక్‌లో 100 కార్డులు. అందులో ఒకటి కమాండర్. అది డెక్‌లో కలవదు, పక్కన అందరికీ కనిపిస్తూ ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలుచుకోవచ్చు. చచ్చినా మళ్ళీ తన చోటికి తిరిగొస్తుంది. కాకపోతే మళ్ళీ పిలిచిన ప్రతిసారీ 2 మానా అదనం. కమాండర్ మీద ఏ రంగుల గుర్తులుంటే ఆ రంగుల కార్డులే డెక్‌లో ఉండాలి. మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డూ రెండోసారి ఉండకూడదు. ఒక్కొక్కరికి 40 లైఫ్. ఒకే కమాండర్ చేతిలో మొత్తం 21 దెబ్బలు తిన్నవాళ్ళు లైఫ్ ఎంత మిగిలినా ఓడినట్టే. ఆ 21 ఎక్కడిదంటే, పాత డ్రాగన్ల బలం 7. మూడుసార్లు తగిలితే 21.

ఇక లెక్కలోకి వద్దాం. నలుగురి ఆటలో డెక్ కట్టడం ఇద్దరి ఆటకన్నా ఎందుకు వేరో ఈ లెక్కలే చెబుతాయి.

లైట్నింగ్ బోల్ట్ అని 1993 నాటి పాత కార్డు ఉంది. ఒక్క మానా ఇస్తే 3 దెబ్బలు. ఇద్దరి ఆటలో ఎదుటివాడి 20 లైఫ్‌లో అది 15 శాతం. చాలా మంచి బేరం. కమాండర్‌లో ముగ్గురు ప్రత్యర్థులకు కలిపి 120 లైఫ్. అందులో 3 అంటే రెండున్నర శాతం. కార్డు అదే, ఖర్చు అదే, విలువ ఆరో వంతుకు పడిపోయింది. తొందరగా దూకి, చిన్న క్రీచర్లతో కొట్టి ముగించే ఎర్ర డెక్కులు ఇద్దరి ఆటలో భయపెడతాయి. ఇక్కడ ఒకరిని కింద పడేసేసరికి ఊపిరి అయిపోతుంది. పైగా కొట్టడానికి పంపిన క్రీచర్లు అలసి పక్కకు వాలిపోతాయి కాబట్టి, మిగతా ఇద్దరికీ తలుపులు బార్లా తెరిచి పెట్టినట్టవుతుంది.

ఇంతకన్నా సూక్ష్మమైన లెక్క ఇంకొకటి ఉంది. నా చేతిలో ఎదుటివాడి క్రీచర్‌ను తీసేసే కార్డు ఉందనుకుందాం. ఇద్దరి ఆటలో నాది ఒకటి పోయింది, వాడిది ఒకటి పోయింది, సమానం. నలుగురి ఆటలో అలా చేస్తే నాకొక కార్డు తగ్గింది, ఒకరికి ఒకటి తగ్గింది, చేయి కదపకుండా కూర్చున్న మిగతా ఇద్దరూ మా ఇద్దరికన్నా ఒక కార్డు ముందుకెళ్ళారు. అన్ని బెదిరింపులకూ నేనే సమాధానం చెబుతూ పోతే, పది టర్నుల తర్వాత ఖాళీ చేతులతో మిగిలేది నేనే. కొత్తగా కమాండర్‌లోకి వచ్చిన మంచి పోటీ ఆటగాళ్ళు ఓడిపోయేది చాలాసార్లు ఇక్కడే. వాళ్ళ ఆటలో లోపం ఉండదు. వాళ్ళ చేతులకు అలవాటైన సమాధానాలు ఒక్క ప్రత్యర్థి కోసం తయారైనవి.

మూడోది కాలం లెక్క. నేను ఈ టర్నులో పిలిచిన క్రీచర్ మామూలుగా నా వచ్చే టర్ను దాకా దాడి చేయలేదు. ఇద్దరి ఆటలో ఆ మధ్యలో ఒక్క మనిషికే దాన్ని చంపే అవకాశం. ఇక్కడ ముగ్గురు వరసగా తమ టర్నులు ఆడాక గాని నా వంతు రాదు. వచ్చిన వెంటనే పనిచేసే కార్డుకు, కనీసం చస్తూ ఏదో ఒకటి ఇచ్చిపోయే కార్డుకు ఇక్కడ విలువ పెరగడానికి కారణం అదే.

ఈ మూడు లెక్కలూ తలకెక్కాక కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉండే ఒక మాట కోసం కళ్ళు వెతుకుతాయి: "ప్రతి ప్రత్యర్థి". ఎక్సాంగ్వినేట్ అనే నల్ల కార్డు 2010లో వచ్చింది. రెండు నల్ల మానా ఇచ్చి, పైన ఎంత మానా పోస్తే ప్రతి ప్రత్యర్థికీ అంత లైఫ్ పోతుంది, పోయినదంతా మనకు కలుస్తుంది. పైన 5 పోశారనుకోండి. ఇద్దరి ఆటలో వాడికి 5 పోయి మనకు 5 వస్తాయి. ఇక్కడ ముగ్గురికీ అయిదేసి పోతాయి, మనకు 15 వస్తాయి. 2000లో వచ్చిన రిస్టిక్ స్టడీ అనే నీలం కార్డు బల్ల మీద ఉంటే, ప్రత్యర్థి స్పెల్ వేసినప్పుడల్లా 1 మానా అదనంగా కట్టాలి. కట్టకపోతే మనం ఒక కార్డు తీసుకోవచ్చు. ఒక్క ప్రత్యర్థి ఉన్నప్పుడు అదొక చిన్న చికాకు. ముగ్గురు ఉన్నప్పుడు ఎవరో ఒకరు కట్టడం మరిచిపోతూనే ఉంటారు, లేదా తొందరలో ఉంటారు. మన చేయి నిండుతూనే ఉంటుంది.

మరి 99 కార్డుల్లో ఏ పనికి ఎన్ని పెట్టాలి? చాలామంది పాటించే స్థూలమైన కొలత ఒకటుంది. ల్యాండ్లు 37 దాకా, మానా పెంచేవి 10, అదనంగా కార్డులు తెచ్చిపెట్టేవి 10, ఎదుటివాళ్ళవి తీసేసేవి 10, బల్ల మొత్తం ఊడ్చేసేవి మూడో నాలుగో. మిగిలిన చోటు మన అసలు ఎత్తుగడకు. ఒక్కో కార్డు ఒక్కటే ఉండాలన్న నియమం వల్ల, ఏ ఒక్క కార్డునో నమ్ముకుని డెక్ కట్టలేం. ఒకే పని చేసే పది కార్డులను నమ్ముకుంటాం. 99లో మానా పెంచేవి 10 ఉంటే, మొదట చేతికొచ్చే 7 కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం 54 శాతం. మూడో టర్ను నాటికి 10 కార్డులు చూస్తాం కాబట్టి అది 67 శాతానికి చేరుతుంది. అంటే మూడు ఆటల్లో రెండు సాఫీగా మొదలవుతాయి. ఆ పదింటిని ఆరుకు తగ్గించి, ఆ చోట నాలుగు పెద్ద డ్రాగన్లను ఇరికించాలన్న కోరిక ప్రతి ఆటగాడికీ కలుగుతుంది. దాన్ని ఆపుకోవాలని గట్టిగా చెబుతాను. చేతిలో డ్రాగన్లను పట్టుకుని, వాటిని పిలవడానికి మానా లేక కూర్చోవడం కన్నా విసుగు ఈ ఆటలో ఇంకోటి లేదు.

ఇక్కడిదాకా కాగితం మీద తేలే విషయాలు. బల్ల దగ్గర ముగ్గురు మనుషులుంటారు. వాళ్ళకు కళ్ళున్నాయి, నోళ్ళున్నాయి, భయాలున్నాయి. ఒక ఆటను ఊహించి చెబుతాను, వినండి.

మొదటి కుర్చీలో ఎర్ర డెక్ అమ్మాయి. ఆమె కమాండర్ క్రెంకో అనే గోబ్లిన్ల నాయకుడు. టర్నుకు ఒకసారి, తనతో కలిపి ఎన్ని గోబ్లిన్లు ఉంటే అన్ని కొత్త గోబ్లిన్లను పుట్టిస్తాడు. రెండో కుర్చీలో తెలుపు, నీలం కలిపి కట్టిన డెక్‌తో ఒక పెద్దాయన. నిదానం, అడ్డుకట్ట ఆయన పద్ధతి. మూడో కుర్చీలో ఆకుపచ్చ, నీలం డెక్ కుర్రాడు. అతని కమాండర్ ఎడ్రిక్. ఈ ఎడ్రిక్ చిత్రమైన గూఢచారి. ఎవరి క్రీచర్ అయినా సరే, ఎడ్రిక్ యజమానిని వదిలి అతని ప్రత్యర్థుల్లో ఒకరికి దెబ్బ తగిలిస్తే, ఆ క్రీచర్ సొంతదారుకు ఒక కార్డు దక్కుతుంది. నాలుగో కుర్చీలో నల్ల డెక్ ఆవిడ. ఇందాక చెప్పిన ఎక్సాంగ్వినేట్ ఆవిడ చేతిలో ఉంది.

ఎర్ర డెక్ అమ్మాయికి మొదటి టర్నులోనే సోల్ రింగ్ పడింది. ఒక్క మానా ఇస్తే టర్నుటర్నుకూ రెండు మానా ఇచ్చే ఉంగరం అది. రెండో టర్నులో రెండు ల్యాండ్లు, ఉంగరం కలిసి నాలుగు మానా. క్రెంకో దిగాడు. మూడో టర్నులో ఒక గోబ్లిన్‌ను, నాలుగో టర్నులో మరో రెండింటిని, అయిదో టర్నులో ఇంకో నాలుగింటిని పుట్టిస్తాడు. ఇంత మంచి ఆరంభం ఎవరికైనా సంతోషమే. కానీ ఆ క్షణం నుంచి మూడు జతల కళ్ళు ఆమె మీదే ఉంటాయి.

రెండో కుర్చీ పెద్దాయన చేతిలో స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ ఉంది. ఒక్క మానాతో క్రెంకోను అప్పుడే తీసేయవచ్చు. ఆయన తీయలేదు. మూడో టర్నులో ప్రొపగాండా వేశాడు. 1997 నాటి కార్డు. ఆయన మీద దాడి చేయాలంటే ఒక్కో క్రీచర్‌కు 2 మానా కట్టాలి. ఏడు గోబ్లిన్లను పంపాలంటే 14 మానా కావాలి. ఎవరు కడతారు? క్రెంకో బతికే ఉన్నాడు గాని ఆయనకు ఇక బాధ లేదు. బాధ మిగతా ఇద్దరిది. తీసేసే కార్డు ఇంకా ఆయన చేతిలోనే భద్రంగా ఉంది. బెదిరింపును చంపడానికి ఒక కార్డు ఖర్చుపెట్టే బదులు, దాన్ని పక్క వాకిట్లోకి మళ్ళించడానికి ఒక కార్డు వాడాడు. నలుగురి ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఎత్తు ఇలాంటిదే.

మూడో కుర్చీ కుర్రాడు ఎడ్రిక్‌ను దింపాడు. మాట కూడా కలిపాడు: "అక్కా, నన్ను కొడితే నీకేం రాదు, మిగతావాళ్ళను కొడితే కార్డు వస్తుంది." అతను కత్తి దూయలేదు, గోడ కట్టలేదు, ఎర చూపాడు. పెద్దాయన వైపు ప్రొపగాండా ఉంది. ఇక మిగిలింది నల్ల డెక్ ఆవిడ ఒక్కతే. నాలుగో టర్నులో ఒక గోబ్లిన్, అయిదో టర్నులో మూడు, ఆరో టర్నులో ఏడు వచ్చి కొట్టాయి. ఆవిడ లైఫ్ 40 నుంచి 29కి దిగింది. ఎర్ర డెక్ అమ్మాయి చేతిలోకి 11 కార్డులు అదనంగా వచ్చాయి. బల్ల మీద ఆమెవి 16 గోబ్లిన్లు.

అప్పుడు పెద్దాయన తన ఆరో టర్నులో రాత్ ఆఫ్ గాడ్ వేశాడు. నాలుగు మానా. బల్ల మీది క్రీచర్లన్నీ పోయాయి. క్రెంకో, ఎడ్రిక్ తమ తమ చోట్లకు వెళ్ళిపోయారు. ఒక్క కార్డుకు 17 పడ్డాయి. ముందే స్వోర్డ్స్ వేసి ఉంటే ఒక్కటి పడేది. పైగా రెండు నీలం మానా ఇంకా ఖర్చవకుండా ఉంచుకున్నాడు, అంటే ఎవరి స్పెల్‌నైనా అడ్డుకునే కౌంటర్‌స్పెల్ చేతిలో ఉందేమోనన్న అనుమానం అందరిలో నాటాడు. ఉండి ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉందన్న అనుమానం కూడా దాదాపు అంతే పని చేస్తుంది.

ఏడో టర్నులో ఎర్ర డెక్ అమ్మాయి నిండు చేతిలోంచి పెద్ద స్పెల్ ఒకటి వేసింది. పెద్దాయన అడ్డుకున్నాడు. అనుమానం తీరింది, కార్డూ ఖర్చయింది. నల్ల డెక్ ఆవిడ ఇంతసేపూ ఎదురుచూసింది దీనికోసమే. ఎనిమిదో టర్నులో ల్యాండ్లూ, సోల్ రింగ్ లాంటి మానా రాళ్ళూ కలిసి పది మానా కూడగట్టి, రెండు పోను ఎనిమిదితో ఎక్సాంగ్వినేట్ వేసింది. ముగ్గురికీ 40 నుంచి 32కు దిగింది. ఆవిడ 29 నుంచి 53కు ఎక్కింది.

చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఆవిడ తొందరపడిందనే అంటాను. దెబ్బలు తింటూ కూర్చున్నంతసేపూ ఆవిడకు ఒక రక్షణ ఉండేది: ఎవరికీ ఆవిడ మీద భయం లేదు. తక్కువ లైఫ్, ఖాళీ బల్ల, కాస్త జాలి. అది ఏ కార్డూ ఇవ్వలేని కవచం. 53కు ఎక్కగానే ఆ కవచం పోయింది. ముగ్గురూ ఇంకా 32 మీదే ఉన్నారు, చావడానికి చాలా దూరం. ఇప్పుడు ముగ్గురి చూపూ ఆవిడ మీదే. ఆ కార్డును దాచుకుని, మిగతా ముగ్గురూ ఒకరినొకరు కొట్టుకుని ఎనిమిదికో ఏడుకో దిగాక వేసి ఉంటే, ఆట అక్కడే ముగిసేది. ముగ్గురికీ ఒకేసారి తగిలే కార్డు ముగింపు కార్డు. దాన్ని మధ్యలో ఆడితే అది మనల్ని ముందుకు నెట్టి, ముగ్గురి ముందు నిలబెడుతుంది.

నలుగురి ఆటలో భద్రమైన చోటు రెండో స్థానం అని అనుభవజ్ఞులు చెబుతారు. అందరికన్నా బలంగా కనిపించేవాళ్ళు అందరి దెబ్బలూ తింటారు. మరీ బలహీనంగా ఉన్నవాళ్ళు సులువైన కార్డుల కోసం, సులువైన దెబ్బల కోసం వాడుకునే వస్తువవుతారు. అందుకే డెక్ కట్టేటప్పుడు మన బలంతో పాటు, ఆ బలం ఎప్పుడు కనిపించాలో కూడా కట్టుకోవాలి. బల్ల మీద 16 గోబ్లిన్లు ఉంటే అందరికీ తెలుస్తుంది. చేతిలో దాగిన ఎక్సాంగ్వినేట్ ఎవరికీ తెలియదు. 2012లో వచ్చిన సైక్లోనిక్ రిఫ్ట్‌ను ఏడు మానాతో వేస్తే, మనవి తప్ప బల్ల మీదున్నవన్నీ, ల్యాండ్లు మినహా, ఎవరివి వాళ్ళ చేతుల్లోకి తిరిగి వెళ్ళిపోతాయి. దాన్నీ ఇలాగే ఎదుటివాడి టర్ను చివరలో వేసి, వెంటనే మన టర్నులో ఆటను ముగించాలి. ముగించలేనప్పుడు వేసి ముగ్గురినీ విసిగించేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మరో గంట ఆట సాగుతుంది, ఎవరికీ ఇష్టం ఉండదు.

ఆట తయారుచేసేవాళ్ళు కూడా ఈ మనుషుల లెక్కను గమనించి, దాని కోసమే కార్డులు తయారుచేశారు. 2014లో కాన్‌స్పిరసీ సెట్ వచ్చింది. అందులో కొన్ని కార్డులు బల్ల చుట్టూ ఓటింగ్ పెట్టిస్తాయి. 2016లో దానికి కొనసాగింపుగా వచ్చిన సెట్ మోనార్క్ అనే పదవి తెచ్చింది. పదవిలో ఉన్నవాళ్ళకు టర్ను చివర ఒక కార్డు అదనం. కానీ ఏ క్రీచర్ వాళ్ళకు దెబ్బ తగిలిస్తే, ఆ క్రీచర్ సొంతదారుకు కిరీటం వెళ్ళిపోతుంది. ఎవరూ కదలకుండా గోడలు కట్టుకుని కూర్చునే ఆటను ఇది కదిలిస్తుంది. దాడి చేయడానికి ఒక కారణం దొరుకుతుంది. అదే సెట్‌లో గోడ్ అనే పద్ధతి వచ్చింది. గోడ్ చేసిన క్రీచర్ తప్పనిసరిగా దాడి చేయాలి, అదీ వీలైనంత వరకు నన్ను వదిలి వేరేవాళ్ళ మీద. వాళ్ళ సైన్యం నా పనికి వస్తుంది. క్రీచర్లు తక్కువగా ఉండే డెక్‌లకు గోడ్ కార్డులు నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

అందరికీ మేలు చేసే డెక్కులు కూడా ఉన్నాయి. 1996లో వచ్చిన ఫెల్డగ్రిఫ్ అనే ఊదారంగు ఎగిరే హిప్పో కమాండర్‌గా, ఒకరికి లైఫ్, ఒకరికి కార్డు, ఒకరికి పిల్ల హిప్పో పంచుతూ కూర్చోవచ్చు. అందరూ ఇష్టపడతారు. కానీ పంచిపెట్టిన మేలుతో మొదట బలపడేది మనకన్నా బాగా కట్టిన డెక్. గెలిచే దారి కూడా డెక్‌లో దాచుకోకపోతే, ఎవరు గెలవాలో తేల్చే పని మాత్రమే మనకు మిగులుతుంది. అది గెలిచినవాళ్ళకూ ఆనందం ఇవ్వదు.

పోటీ స్థాయిలో ఆడేవాళ్ళ బల్ల దగ్గర ఇదంతా వేగంగా, కఠినంగా మారుతుంది. అక్కడ 120 లైఫ్‌ను పట్టించుకోరు. 2020లో వచ్చిన థాసాస్ ఒరాకిల్ అనే రెండు మానా క్రీచర్ దిగేటప్పటికి మన డెక్‌లో కార్డులు మిగలకపోతే గెలిచినట్టే. 1995 నాటి డిమోనిక్ కన్సల్టేషన్ ఒక్క మానాతో, లేని కార్డు పేరు చెబితే, డెక్ మొత్తాన్ని ఖాళీ చేసేస్తుంది. మూడు మానా, రెండు కార్డులు, ముగ్గురూ ఒకేసారి ఓడిపోతారు. ప్రత్యర్థులు ఎంతమంది ఉన్నా ఖర్చు పెరగని ఎత్తు ఇది. అందుకే అది అక్కడ రాజ్యమేలింది.

దానికి జవాబు చెప్పడంలో ఒక అందమైన చిక్కుంది. ఒకరు గెలుపు స్పెల్ వేశారు. అడ్డుకునే అవకాశం కుర్చీల వరసలో తిరుగుతుంది. పక్కనున్న మొదటి మనిషి దగ్గర కౌంటర్‌స్పెల్ ఉంది, కానీ అతను అనుకుంటాడు: "తర్వాతివాళ్ళు వేస్తారులే, నాది మిగులుతుంది." రెండో మనిషీ అదే అనుకోవచ్చు. చివర కూర్చున్న మనిషికి మాత్రం వదిలేసే వీలు లేదు. ఉంటే వేయాలి, లేకపోతే అందరూ ఓడిపోతారు. ముందున్నవాళ్ళ పిసినారితనం లాభమా, ఆత్మహత్యా అన్నది చివరి మనిషి చేతిలో ఏముందన్న ఊహ మీద ఆధారపడుతుంది. డెక్ ఎంత బాగా కట్టినా, ఈ ఊహను డెక్‌లో పెట్టి తేలేం. ముగ్గురి ముఖాలూ, ఖాళీగా ఉన్న మానా, ఇందాకటి మౌనం గమనించాల్సిందే.

ఒప్పందాలు మరో సంగతి. "ఈ టర్ను నన్ను కొట్టకు, వచ్చే టర్ను నేను అతని క్రీచర్‌ను తీసేస్తాను" అని మాట ఇచ్చుకోవచ్చు. నియమాలు ఆ మాటను కట్టుబాటు చేయవు. తప్పినవాళ్ళకు శిక్ష లేదు. కానీ అదే నలుగురు వచ్చే వారం మళ్ళీ కూర్చుంటారు. మాట తప్పి ఒక ఆట గెలిచినవాళ్ళకు ఆ తర్వాతి ఆటల్లో ఎవరూ మాట ఇవ్వరు.

నలుగురి డెక్కుల స్థాయి ఒకటి కాకపోతే ఏ ఎత్తుగడా నిలవదు. ఒకరు మూడో టర్నులో ముగించే డెక్ తెచ్చి, ఇంకొకరు సరదాగా హిప్పోలతో వస్తే అది ఆట కాదు. కమాండర్‌ను ఏళ్ళుగా చూసుకున్న స్వచ్ఛంద కమిటీ 2024 సెప్టెంబరులో మానా క్రిప్ట్, జువెల్డ్ లోటస్ వంటి నాలుగు కార్డులను నిషేధించింది. వాటిలో కొన్ని ఖరీదైన కార్డులు. కమిటీ సభ్యులకు బెదిరింపులు వచ్చేంత దాకా వెళ్ళింది గొడవ. నెలాఖరుకు బాధ్యత కంపెనీకి మారింది. ఆ బెదిరింపులను ఏ నష్టమూ సమర్థించదు. 2025 ఫిబ్రవరిలో కంపెనీ డెక్కులను అయిదు స్థాయిలుగా విడగొట్టే పద్ధతిని ప్రకటించింది. ఆట తీరును ఒక్కసారిగా మార్చేసే కార్డులకు విడిగా జాబితా కూడా ఇచ్చింది. రిస్టిక్ స్టడీ, సైక్లోనిక్ రిఫ్ట్, థాసాస్ ఒరాకిల్ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. కింది రెండు స్థాయిల్లో ఆ జాబితా కార్డులు ఒక్కటీ ఉండకూడదు, మూడో స్థాయిలో మూడింటి దాకా పెట్టుకోవచ్చు. జాబితా మీద వాదనలు ఎప్పుడూ ఉంటాయి. కానీ ముక్కూ మొహం తెలియని నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఆట మొదలుకాకముందే "నాది రెండో స్థాయి, మీది?" అని అడిగే వీలు కలిగింది. దాన్ని నేను మనసారా స్వాగతిస్తాను.

కొత్తగా డెక్ కడుతున్న పిల్లలకు, వాళ్ళ పక్కన కూర్చునే తల్లిదండ్రులకు నాదొక సూచన. గెలిచినా ఓడినా, ఆట అయ్యాక మిగతా ముగ్గురినీ ఒకటే అడగండి: నా డెక్‌ను చూసి మీకు మొదట ఎప్పుడు భయమేసింది? మూడో టర్నులో అంటే, ముందుగా బయటపడే కార్డులు కొన్ని తీసి, ఆ చోట చేతిలో దాగి ఉండేవి పెట్టండి. చివరి టర్నులో అంటే డెక్ బాగా ఉన్నట్టే. అసలు భయమే వేయలేదంటే, ముగించే కార్డులు ఇంకో రెండో మూడో కావాలి. ముగ్గురూ మూడు వేర్వేరు టర్నులు చెబితే, ఎవరు ఏ కార్డును చూసి చెప్పారో రాసుకుని ఇంటికి వెళ్ళి ఆ కార్డుల దగ్గర మొదలుపెట్టండి.